గడువు తీరిన పేరు

నిర్మాతల మండలిలో సినిమా పేర్లు నమోదు చేసే బల్ల ఆమెది. ముందుగా నమోదు చేసుకున్నవారిదే పేరు. ఏటేటా గడువు పొడిగించుకోకపోతే దాన్ని మరెవరైనా తీసుకోవచ్చు. గడువుకు మూడు రోజుల ముందు ఆమె ఫోన్ చేసి గుర్తుచేసేది. నియమాల్లో లేని మర్యాద అది. దానికి అలవాటుపడి నిర్మాతలు తేదీలు రాసిపెట్టుకోవడమే మానేశారు.

ఆమె ఆ ఉద్యోగంలో చేరకముందు మాట. దర్శకుడు కావలసిన అన్నయ్య తన కథకు పెట్టుకున్న పేరు, అతడు ఆసుపత్రిలో ఉన్న వారంలో గడువు తప్పింది. మర్నాడే ఒక పెద్ద నిర్మాత దాన్ని రాయించుకున్నాడు. సినిమా తీయనూ లేదు, పేరు వదలనూ లేదు. అన్నయ్య మరో కథ రాయలేదు.

ఉద్యోగంలో చేరాక తొమ్మిదేళ్లూ ఆమె ఆ నిర్మాతకూ తప్పకుండా ఫోన్ చేసింది. లేకపోయినా లోటు తెలియని దాన్ని లాక్కుంటే దెబ్బ తగలదని ఆమెకు తెలుసు. ఈ ఏడాది అతడు అదే పేరుతో కొడుకును హీరోను చేస్తూ ఊరంతా పోస్టర్లు వేయించాడు. ఆమె ఫోను జోలికి పోలేదు.

గడువు దాటిన ఉదయం ఆఫీసు తలుపు తీసేసరికి అన్నయ్య దరఖాస్తుతో నిలబడి ఉన్నాడు. ఎవరూ వేలెత్తి చూపకుండా పక్క గుమాస్తా చేత నమోదు చేయించింది.

మధ్యాహ్నం, అన్నయ్య రసీదు కోసం ఇంకా అక్కడే కూర్చుని ఉండగా, నిర్మాత ఊగిపోతూ వచ్చాడు.

"ఒక్క ఫోన్ కొడితే నీ సొమ్మేం పోయేదమ్మా?"

"నియమాల్లో లేదండి."

"ఇన్నేళ్లూ చేశావుగా!"

"అదీ నియమాల్లో లేదండి."

అతడు అన్నయ్య వైపు తిరిగాడు. "తమ్ముడూ, మావాడి మొదటి సినిమా. అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాసివ్వు, నీ కాళ్లు పట్టుకుంటా."

అన్నయ్య మెత్తనివాడు. చేయి జేబులోని కలం మీదికి పోయింది.

"రాయి అన్నయ్యా, రాసి అటునుంచటే ఆయనగారింటికి పో. మనింట్లో నీకు కంచం పెట్టను."

కలం బయటికి రాలేదు.

అడగనివారిని క్షమించడం దానమా, పిరికితనమా అన్నది ఎన్నటికీ తేలని ప్రశ్న. దాన్ని తేల్చే పని ఆమె పెట్టుకోలేదు. ఆ వారాంతంలో రెండు స్టాపుల ముందే బస్సు దిగింది. నిచ్చెన మీద ఒకడు పోస్టరు గీకుతున్నాడు. కొత్త హీరో ముఖం సగం ఊడి వేలాడుతోంది. చివరి అక్షరం రాలిపోయేదాకా నిలబడి చూసింది.

"ఆలస్యమైందేమే?" ఇంట్లో అన్నయ్య అడిగాడు.

"నడిచొచ్చాను. హాయిగా ఉంది."