దాటేసిన నాలుగు లైన్లు

శనివారం ఉదయం ఏడు ముప్పావుకి ఆక్లండ్‌లో వెల్లింగ్టన్ రైలెక్కాను. ఇది 2016 ఫిబ్రవరి మాట. మా ఆయన మేముండే బోటనీ డౌన్స్ నుంచి చీకటితోనే బయల్దేరదీసి, స్టేషన్‌లో దించి, "రేపు సాయంత్రం ఇక్కడే ఉంటా" అని నాలుగుసార్లు చెప్పి వెళ్ళాడు. విమానంలో అయితే గంట ప్రయాణం. కానీ నేను వెళ్ళాల్సింది వెల్లింగ్టన్‌కి కాస్త ముందొచ్చే పరపరౌమూ అనే చిన్న ఊరికి, ఈ రైలు అక్కడ ఆగుతుంది. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, రైలు రోజూ ఉండదు. శనివారం వెళ్ళి ఆదివారం వచ్చేలా చూసుకుంటే ఒక రాత్రితో సరిపోతుంది.

సంచిలో టమాటా అన్నం, రెండు చపాతీలు, ఒక నవల ఉన్నాయి. ఆ నవల చివరి రెండు అధ్యాయాల కోసమే ఈ ప్రయాణం.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో మార్గరెట్ ఆంటీ రెండేళ్ళు ఉన్నారు. ఇక్కడ ఎనభై ఏళ్ళ మనిషినైనా పేరు పెట్టే పిలుస్తారు. నాకు నోరు రాక ఆంటీ అనేదాన్ని. ఆవిడకు చూపు పోయింది, అలమారా నిండా మాత్రం ఆమిష్ ప్రేమ నవలలు. ఆమిష్‌వాళ్ళంటే అమెరికా పల్లెల్లో కరెంటూ కారూ వద్దనుకుని గుర్రబ్బళ్ళలో తిరిగే క్రైస్తవులు. షిఫ్ట్ అయ్యాక రోజూ అరగంట చదివి వినిపించేదాన్ని. అప్పటికి నర్సు రిజిస్ట్రేషన్‌కి కావాల్సిన ఇంగ్లిష్ పరీక్ష రెండుసార్లు తప్పి ఉన్నాను. నాకు నోరు తిరగనిచోటల్లా ఆవిడ ఆపి, సరిచేసి, మళ్ళీ చెప్పించేవారు. మూడోసారి గట్టెక్కాను. నీ ఉద్యోగం గుర్రబ్బండిలో వచ్చిందని మా ఆయన ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు.

డిసెంబరులో ఆవిడను కూతురు జీన్ తన ఊరికి దగ్గరగా మార్పించుకుంది. ఒక పుస్తకం చివర్లో ఆగిపోయి నా దగ్గరే ఉండిపోయింది. ప్రయాణానికి వారం ముందు జీన్ ఫోన్ చేసి, "అమ్మ బాగా నీరసించింది. రావాలనుకుంటే ఆలస్యం చెయ్యకు. ఆ పుస్తకం తెమ్మంది" అని చెప్పింది. వెంటనే టికెట్ తీసుకున్నాను.

పది దాటాక హామిల్టన్‌లో ఎదురు సీట్లోకి ఒకాయన వచ్చాడు. కరీంనగర్ ఆయన. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే సెటిల్ అయ్యాడు, వెల్లింగ్టన్‌లో ఐటీ కాంట్రాక్టట. నా చేతిలో పుస్తకం అట్ట మీద గుర్రబ్బండినీ తెల్లటోపీ అమ్మాయినీ చూసి కథేంటని అడిగాడు. చెప్పాను.

"ఫోన్లు లేవంటున్నరు, కార్లు లేవంటున్నరు. మరి లవ్ ఎట్ల చేస్తరక్కా?"

"అందుకే మూడొందల పేజీలు పట్టుద్ది తమ్ముడూ."

ఆయన నవ్వి కిటికీ వైపు తిరిగాడు. నేనూ తిరిగాను. పచ్చటి గుట్టలు, వాటి మీద గొర్రెలు, గంటలకొద్దీ అవే. ఆ కథలు నాకెందుకు పట్టుకున్నాయో ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ తెల్లటోపీ చూస్తే, బాపట్ల దగ్గర మా క్రైస్తవ సంఘంలో ప్రార్థనకు కొంగు తల మీదికి లాక్కునే ఆడవాళ్ళు గుర్తొస్తారు. ఆమిష్‌వాళ్ళ ఆరాధనలోనూ మాలాగే మగవాళ్ళొకవైపు, ఆడవాళ్ళొకవైపు. పెళ్ళంటే సంఘం పెద్దలందరికీ పనే. దేశం కాని దేశంలో, ఎక్కడో అమెరికా రైతుల కథలో, మా మందిరం దొరికింది నాకు.

అయితే ప్రతి పుస్తకం చివరా ఒక ముద్దుంటుంది. అది మాత్రం నేనెప్పుడూ చదివేదాన్ని కాదు. పెద్దవాళ్ళ ముందు టీవీలో అలాంటిది వస్తే రిమోట్ వెతుక్కునే ఇంట్లో పెరిగాను. ఆ నాలుగు లైన్లూ మింగేసి, "తర్వాత ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు" అని అందుకునేదాన్ని. చూపులేని మనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఒంటిగంటకు నేషనల్ పార్క్ స్టేషన్ దగ్గర, ఫిబ్రవరి ఇక్కడ వేసవే అయినా నెత్తిన కాస్త మంచుతో కొండ కనిపించింది. టమాటా అన్నం అక్కడ తిన్నాను. కరీంనగర్ ఆయన ఒక చపాతీ తీసుకుని, బదులుగా కాఫీ తెచ్చిచ్చాడు. అయిదున్నరకు పరపరౌమూలో దిగాను. జీన్ కారుతో సిద్ధంగా ఉంది, ఆ రాత్రి బస కూడా వాళ్ళింట్లోనే.

ఆరింటికి అక్కడి వృద్ధాశ్రమంలో ఆంటీ గదిలో ఉన్నాను. మనిషి పిట్టలా అయిపోయారు. నా చెయ్యి తడిమి, "సారా, పుస్తకం తెచ్చావా?" అన్నారు. కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. బొంతలు కుట్టే అమ్మాయి, ఊరొదిలి వెళ్ళి తిరిగొచ్చిన అబ్బాయి. పెద్దలు ఒప్పుకున్నారు. ఇద్దరూ గుర్రాల కొట్టం దగ్గర నిలబడ్డారు. అలవాటు ప్రకారం నేను గబుక్కున వాకిట్లోకి వచ్చేశాను.

"ఆ నాలుగు లైన్లూ చదువు," అన్నారు ఆంటీ.

"ఏ లైన్లు ఆంటీ?"

"ఇవన్నీ నాకు చూపున్న రోజుల్లో చదివినవే. నువ్వు ప్రతిసారీ అక్కడ దాటేస్తావు. నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నాను. ఇవాళ మాత్రం వినాలనుంది."

నాకు చెవులు వేడెక్కాయి. "చివరేమవుతుందో తెలిసి మళ్ళీ ఎందుకు ఆంటీ?"

"తెలుసు కాబట్టే. ఏమవుతుందో తెలియనివి వినడానికి నాకిప్పుడు ధైర్యం లేదు."

చదివాను. ఒక మాట తడబడింది. ఆవిడ ఎప్పటిలాగే ఆపి, సరిచేసి, మళ్ళీ చెప్పించారు. అలా ఆ ముద్దును రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అయ్యాక ప్రార్థన చెయ్యమన్నారు. చున్నీ తల మీదికి లాక్కున్నాను. ఆవిడ చెయ్యి చాపి ఆ అంచు తడిమి, "టోపీ ఉందన్నమాట," అని నవ్వారు. నాకు ఏడుపాగలేదు. మేమిద్దరం మళ్ళీ కలవమని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఉదయం తొమ్మిదికి ముందే తిరుగు రైలు. జీన్ మిగతా పుస్తకాలన్నీ సంచిలో పెట్టి, "అమ్మ నీకే ఇమ్మంది" అంటూ ఎక్కించింది. నేషనల్ పార్క్ దాటేదాకా ఒక్కొక్కటీ తీసి, దాటేసిన చోట్లన్నీ వెతికి చదువుకున్నాను. ఎక్కడా సిగ్గుపడాల్సినంత లేదు. రెండేళ్ళపాటు ఒక పెద్దావిడ తనకిష్టమైన లైన్లు వదులుకుని నా మొహమాటాన్ని కాపాడింది. ఈ దేశం నాకు చాలా ఇచ్చింది గానీ, ఇంతకంటే పెద్ద మర్యాద ఇంకెవరూ చెయ్యలేదు.

సాయంత్రం ఏడింటికి ఆక్లండ్‌లో దిగాను. మా ఆయన చెప్పినట్టే ప్లాట్‌ఫామ్ మీద ఉన్నాడు. సంచి కింద పెట్టి, అందరి ముందూ ఆయన చెంప మీద ముద్దు పెట్టాను. ఆయన కంగారుగా అటూ ఇటూ చూశాడు.

"మనోళ్ళెవరైనా చూస్తారే."

"చూస్తే ఆ నాలుగు లైన్లూ దాటేసుకుంటార్లే," అన్నాను.