చచ్చిన ముక్కుతో చేసిన సాయం

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయిన వారం నేను నలుగురికీ సాయం చేద్దామని వెళ్లి, చర్చి నిండా ఉన్న జనాన్ని చిన్నా పెద్దా తేడా లేకుండా ఏడిపించి వచ్చాను. పైగా వాళ్లు నా మంచితనానికి కరిగిపోయి ఏడుస్తున్నారనుకుని నేనూ కళ్లు తుడుచుకున్నాను.

గుంటూరు మిరపకాయల కమీషన్ కొట్లో నాది గుమాస్తా ఉద్యోగమని మీకు తెలుసుగా. చేరి పదిహేనేళ్లయింది. కొత్తల్లో రోజంతా తుమ్మేవాణ్ణి. తర్వాత తర్వాత ముక్కుకే విసుగు పుట్టి ఊరుకుంది. ఇప్పుడు పక్కింట్లో ఎండుమిరపకాయలు మాడి వీధంతా దగ్గుతున్నా నేను పేపరు చదువుకుంటూ కూర్చోగలను. మా ఆవిడ సుబ్బలక్ష్మి మాత్రం సాయంత్రం నన్ను పెరటి దారిన రమ్మని, నూతి దగ్గర రెండు బకెట్లు కుమ్మరించుకున్నాకే ఇంట్లోకి రానిస్తుంది. ఆవిడకి అది రోజూ ఒక గొడవ. నాకేమో అదో గొప్ప, మిరపకాయని జయించిన మగాణ్ణని.

సరే, తుఫాను వచ్చింది కదా. చీరాల అవతల సముద్రం వైపు ఊళ్లు నీళ్లలో ఉన్నాయని రేడియోలో వింటున్నాం. మర్నాడు మా కొట్టుకి ట్రంకాల్ వచ్చింది. చేసింది అక్కడి పాస్టరు దేవదానం గారు. మా పేట భజన సమాజం పెద్ద శర్మ మాస్టారి కోసం చేశారు. వాళ్లిద్దరూ ట్రైనింగ్ స్కూల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లు. మాస్టారింట్లో ఫోను లేదు కాబట్టి నేనే మాట్లాడాను. లైను గరగరమంటోంది. ఊరంతా చర్చిలోనే ఉందట, మెరక మీద ఉంది కాబట్టి అదొక్కటే నిలిచిందట. తిండి సంగతి పట్నం నుంచి వచ్చిన సేవాసంఘం వాళ్లు చూస్తున్నారట. పొడిగుడ్డ మాత్రం ఒక్కటీ లేదట.

"పసిపిల్లలు చలికి నీలుక్కుపోతున్నారు బాబూ. ఏం పంపినా పంపకపోయినా, తడవని దుప్పట్లు పంపించండి," అన్నారు. లైను తెగిపోయింది.

మాస్టారు హార్మోనియం రిక్షాలో పెట్టించి, భజన బృందంతో వీధి వీధీ తిరిగారు. కీర్తనలు పాడుతూ చర్చికి దుప్పట్లు అడగడమేమిటని ఎవరో అంటే, చలికి ఆ తేడా తెలియదు నాయనా అని, ఆ అన్నాయన దుప్పటి కూడా పట్టుకొచ్చారు. రెండు రోజుల్లో నూటికి పైగా పోగయ్యాయి. ఇంకా తుంపర పడుతూనే ఉంది. తడవకుండా ఎలా పంపడమా అని అందరూ తల పట్టుకుంటుంటే, నేను ముందుకొచ్చాను. ప్యాకింగ్ నాకు వదిలెయ్యండి, మాస్టారూ, ఇది నాకు రోజూ ఉండే పనే అన్నాను.

నిజంగా బ్రహ్మాండంగా చేశాను లెండి. మా షావుకారు గారినడిగి కొట్లో ఉన్న ఖాళీ గోతాలు తెచ్చాను. మిరపకాయలు తొక్కి తొక్కి నింపుతామే, ఆ గోతాలే. మంచి జనపనార సరుకు. ఒక గోతానికి ఇంకో గోతాం తొడిగి, దుప్పట్లు కుక్కి, దబ్బనంతో మూతి కుట్టేశాను. మా అరుగు మీద ఆ పని చేస్తుంటే సుబ్బలక్ష్మి గుమ్మంలోంచే వరసగా ఏడు తుమ్ములు తుమ్మింది. ఏవండీ, ఆ గోతాలు ఒక్కసారి దులపకూడదూ అంది. వానలో తిరిగి జలుబు తెచ్చుకున్నావు, వెళ్లి మిరియాల కషాయం తాగమన్నాను.

లారీ మీద టార్పాలిన్ కట్టి, నేనూ మాస్టారూ ముందు కూర్చుని బయల్దేరాం. చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. చర్చి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. తడిబట్టలతో తల్లులు, ఒళ్లో పిల్లలు. ఒక మూల సేవాసంఘం వాళ్లు పెద్ద గిన్నెలో పెసరపప్పు జావ కాస్తున్నారు. పాడైన నీళ్లు తాగిన కడుపులని, వాళ్ల డాక్టరు కారం తగలనివ్వలేదట. నాలుగో రోజు అది. జనం దాన్ని మందు మింగినట్టు మింగుతున్నారు.

దేవదానం గారు మాస్టారిని కావలించుకుని, ముందు ప్రార్థన చేసుకుందాం అన్నారు. ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. నేను ఊరుకోవచ్చుగా! ప్రార్థన అయ్యేలోగా సిద్ధంగా ఉంచుదామని చప్పుడు కాకుండా కుట్లు కోశాను. పైదుప్పటి తీసి, బట్టల కొట్లో చీర చూపించినట్టు రెండు చేతులతో ఫెళ్లున విదిల్చాను. ఆ ఊపులో ఇంకోటి, ఇంకోటి.

ముందు వరసలో ఒకావిడ ముక్కు చీదింది. వెనక ఒకాయన కొంగు అడ్డం పెట్టుకున్నాడు, పక్కావిడది. రెండు నిమిషాల్లో హాలంతా కన్నీళ్లే. పాస్టరు గారు "దేవా, ఈ సహాయము..." దాకా వచ్చి ఆగిపోయారు. ఆయన బుగ్గల మీద ధారలు. ఇంతమందిని ఇలా కదిలించామా అని నేనూ కళ్లు తుడుచుకున్నాను. దుప్పటి గుండెలకి హత్తుకుని అన్నాను కూడా.

"ఏడవకండమ్మా. మీకు మేమున్నాం."

అప్పుడు గోడవారనున్న మరియమ్మ అనే పెద్దావిడ, కళ్లు తుడుచుకుంటూనే నా దగ్గరికొచ్చింది. దుప్పటి అంచు రెండు వేళ్లతో నలిపి వాసన చూసింది.

"ఏడుపు కాదయ్యా. ఘాటు. మీరుండబట్టే," అంది.

ఆ తర్వాత మొదలయ్యాయి తుమ్ములు. సేవాసంఘం వంటాయన గరిటె వదిలేసి బయటికి పరిగెత్తాడు. శర్మ మాస్టారు కండువా మొహానికి చుట్టుకుని నావైపు ఒక చూపు చూశారు. ఎక్కాలు రాని పిల్లాణ్ణి కూడా ఆయన అలా చూసుండరు. నేను ఒక్కో గోతాం కోసి చూశాను. అన్నింటిలోనూ అదే ఎర్రటి పొడి. బయట వెలుతురు ఇంకో రెండు గంటలుంటుందేమో. ఉతికితే ఆరవు, ఉతక్కపోతే పసివాళ్లకి కప్పలేం. అంత దూరం నుంచి తెచ్చిన దుప్పట్లు ఎదురుగా ఉండి, ఆ పిల్లలు చలికి వణుకుతుంటే, నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఈసారి అనుమానం లేదు, ఏడుపే.

మరియమ్మే పూనుకుంది. ఏటా మిరపకోతలకి మా నల్లపాడు వైపు వచ్చే మనిషట. మిరపకాయతో ఎలా వేగాలో ఆమెకి నేర్పాలా? దేవుడి దయవల్ల తుంపర ఆగి గాలి తోలుతోంది. ఆడవాళ్లందరినీ చర్చి వెనక మెరక మీదికి నడిపించింది. గాలికి వీపు పెట్టి, ఇద్దరిద్దరు దుప్పటి నాలుగు చెంగులూ పట్టుకుని దులపడం, తిరగేసి కర్రతో బాదడం, మళ్లీ దులపడం. నన్ను మాత్రం గాలికి ఎదురుగా నిలబెట్టింది.

"నీకెటూ ముక్కు లేదుగా, బాబూ. నువ్వక్కడ బాదు," అంది.

బాదాను. పదిహేనేళ్ల నా గొప్ప అంతా ఎందుకు పనికొచ్చిందో చూశారుగా. దులిపిన ప్రతి దుప్పటీ మరియమ్మ దగ్గరికి పోవాలి. ఆమె మొహానికి ఆనించుకుని పీల్చి, తుమ్ము రాకపోతే పంపేది, వస్తే నా మీదికి విసిరేది. పసిపిల్లల తల్లులకి ముందిచ్చారు. పొద్దుగూకేలోపు పిల్లలందరూ పొడిదుప్పట్లలో ఉన్నారు. ఒక చంటిది పిడికిలి నోట్లో పెట్టుకుని నిద్రపోతుంటే చూశాను. నా ప్రాణం అప్పుడు కుదుటపడింది.

హమ్మయ్య అని మెట్ల మీద కూలబడితే, అక్కడింకో పని నడుస్తోంది. నలుగురు ఆడవాళ్లు నా ఖాళీ గోతాలు తిరగేసి విదిలిస్తున్నారు. మూలల్లో ఇరుక్కున్న ముక్కలూ గింజలూ పిడికెళ్లకొద్దీ రాలాయి. ఎవరో ఉప్పు తెచ్చారు, ఎవరో చింతపండు తెచ్చారు. రోట్లో వేసి దంచారు. పిల్లలకి పెట్టబోమంటేనే సరేనన్నాడు డాక్టరు. పెద్దవాళ్ల జావలో నిమ్మకాయంత ముద్ద పడింది. మొదటి గుటకకి హాల్లో ఒక మూలుగులాంటిది వినిపించింది. నాలుగు రోజుల తర్వాత మనుషుల మొహాల్లోకి మనుషులొచ్చారు. ఇంకొంచెం, ఇంకొంచెం అని వరసలు కట్టారు. దేవదానం గారూ, మా మాస్టారూ ఒకే ఆకులో నంజుకుంటూ ముక్కులు ఎగబీల్చుకోవడం నా కళ్లతో చూశాను.

నిన్న పాస్టరు గారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మాస్టారు భజన సమాజంలో అందరి ముందూ చదివారు. నన్నెక్కడ ఉతికేస్తారోనని స్తంభం చాటున కూర్చున్నాను. అందరూ క్షేమం, మీ అందరికీ మా వందనాలు అని రాశారు. పక్కన రెండు ఊళ్ల వాళ్లకి ఇంకా ఇబ్బందిగానే ఉందట. వీలైతే వాళ్లకీ దుప్పట్లు పంపమన్నారు. చివర్న, చోటు చాలక అంచు వెంబడి ఇలా రాశారు:

"ప్యాకింగు ఆ గుమాస్తా గారి చేతే చేయించండి. గోతాలు మాత్రం దులపవద్దని మరియమ్మ మరీ మరీ చెప్పమంది."