ఉప్పలమ్మకు కొట్టని డప్పు

కట్టయ్య చేతికి డప్పు వచ్చిన నాటి నుంచి, ఊరి చావులకు తప్ప, కొట్టింది దొర కోసమే. వెట్టికి మనుషులు కావాలంటే డప్పు, దొర బండి వస్తే దారి తొలగమనడానికి డప్పు. గూడూరు అడవి అంచున ఉన్న ఆ పల్లెలో సంగం పెట్టాక అదే డప్పు దొర మీదికి తిరిగింది. రజాకార్లు వస్తున్నారని కట్టయ్య కొడితే ఊరంతా వడిసెలలు, కారపు ముంతలు పట్టుకుని వచ్చి నిలబడేది. అతను తలెత్తుకు తిరిగిన కాలం అదొక్కటే.

నిజాం రాజ్యం పోయింది, మిలిటరీ దిగింది. పారిపోయిన దొరలు ఒక్కొక్కరే ఖద్దరు టోపీలు పెట్టుకుని లారీల వెనక తిరిగి వస్తున్నారు. మిషన్ గన్ను ముందు వడిసెల రాయి ఏం చేస్తుంది? సంగాన్ని నడిపే గోవర్ధన్ మెంబర్లను కూర్చోబెట్టి కొత్త కట్టుబాటు చెప్పాడు. ఇకపై పెళ్లికి, పండుగకు, చావుకు, దేనికీ డప్పు మోగకూడదు. మోగిందంటే మిలిటరీ వచ్చినట్టు. గుమికూడొద్దు, ఎటు వాళ్లు అటు అడవిలోకి ఉరకాలి.

"సంగమంటె జెండ గాదు, మనుషులు. మనుషులు మిగిలితె సంగం మల్ల లేస్తది," అన్నాడు.

చావుకు కూడా వద్దంటే ఎట్లని ఒక ముసలాయన గొణిగితే, "అయితె జర ఆగి సావు తాతా," అన్నారెవరో. అందరూ నవ్వుకున్నారు.

ఆగకుండా పోయింది కట్టయ్య తల్లి ఉప్పలమ్మే. ఇంటి ముందు నెగడు రాజేసి, డప్పు ఒళ్లో పెట్టుకుని, మిలిటరీ వస్తుందేమోనని గూడూరు బాట మీద కన్నేసి కూర్చున్నాడు కట్టయ్య. పక్కింటి యాదమ్మ వచ్చి నిష్ఠూరమాడింది. ఊరి చావులన్నింటికీ కొట్టినవాడివి, కన్నతల్లిని మూగగా పంపుతావా అంది.

"నేనే తప్పితె ఇంకెవడు ఆగుతడక్కా?" అన్నాడతను.

ఆ మాట వాడంతా పాకింది. మెంబర్లకు సిగ్గేసింది. యాదమ్మ పెనిమిటి ఎర్రయ్య పాడెకు వెదురు నరికి పెట్టుకున్నాడు. మిగతావాళ్లు పనులకు పోకుండా, మోయడానికి పిలుపు వస్తుందని ఇళ్లలోనే ఆగారు. ఆ సంగతి కట్టయ్యకు తెలియదు.

పొద్దు నెత్తికెక్కేసరికి గూడూరు బాట మీద దుమ్ము లేచింది. లారీలు. కట్టయ్య డప్పును నెగడుకు ఒక్కసారి చూపి, తోలు బిగిసిందో లేదో చూడకుండానే కొట్టడం మొదలుపెట్టాడు.

ఒక్కరూ ఉరకలేదు. తలకు తువ్వాళ్లు చుట్టుకుంటూ బయటికి వచ్చారు. ఎంతైనా కన్నతల్లి, మనసాగక కొట్టాడు, మంచిపనే చేశాడు అనుకున్నారు. ఎర్రయ్య వెదురు బొంగులు భుజాన పెట్టుకుని వచ్చాడు. కట్టుబాటు పెట్టిన గోవర్ధన్ కూడా వచ్చాడు. కట్టయ్య ఎంత గట్టిగా కొడితే అంతమంది వచ్చారు. డప్పు విసిరికొట్టి ఉరకమని అరిచేసరికి తుపాకులు చుట్టూ ఉన్నాయి.

పేదవాడికి బతుకులో దక్కని మర్యాద చావులోనైనా దక్కాలని ఊరు పట్టుబడుతుంది. సంగాన్ని కాపాడాలనుకున్నవాళ్లు అది మరిచిపోయి కట్టుబాటు చేశారు. చేసినవాళ్లే దాన్ని పాటించలేకపోయారు.

చేతులు వెనక్కి విరిచికట్టి మెంబర్లను లారీలెక్కించారు. వెంట వచ్చిన దొర మనిషి కట్టయ్య భుజం తట్టాడు.

"మంచిగ పిలిచినవ్ రా. దొర యాది పెట్టుకుంటడు."

లారీలోంచి ఎర్రయ్య ఆ మాట విన్నాడు. కట్టయ్య వైపు చూసి తల తిప్పుకున్నాడు. కాదన్నా, నేను పిలవలేదన్నా అని కట్టయ్య వెంటపడ్డాడు. లారీ ఆగలేదు. అందులో ఎక్కినవాళ్లెవరూ ఊరికి తిరిగి రాలేదు.

సాయంత్రం ఎర్రయ్య వెదురుతోనే పాడె కట్టి ఆడవాళ్లు ఎత్తుకున్నారు. ముందు కొమ్ము యాదమ్మ పట్టింది. కట్టయ్య వట్టి చేతులతో వెనక నడవబోతే ఆమె ఆగింది.

"డప్పు తెచ్చుకో తమ్మీ. ఇగ కొట్టు. ఉరికెటోళ్లు ఎవ్వరు మిగల్లే."