ఫ్యాను కింద గుంటూరు

నా కొంప నేనే ముంచుకున్న రోజు ఒకటుంది. విద్యాధికారి గారూ, ఇరవై రెండు మంది పిల్లలూ సాక్ష్యం. చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

అప్పట్లో నేను పొదిలి అవతల ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల మాస్టారిని. ఇల్లేమో ఒంగోలు. రోజూ బస్సులో వచ్చిపోయేసరికి నడుం విరిగేది. ఒంగోలు దగ్గర బడికి వేయమని అర్జీ పెట్టుకున్నాను. ఇంతలో విద్యాధికారి గారు తనిఖీకి వస్తున్నారని తెలిసింది. ఆయన్ని మెప్పిస్తే నా బదిలీ అయిపోయినట్టే అనుకున్నాను.

తరగతి గది నేల మీద జిల్లాల పటం గీశాను. ఉత్త సుద్దగీతలైతే నా గొప్పేముంది? అందుకని పత్తి పండేచోట పత్తి పరిచాం, చీమకుర్తి దగ్గర గ్రానైట్ ముక్కలు పెట్టాం. గుంటూరు ఎర్రగా మెరవాలని పిల్లల ఇళ్ల నుంచి కొత్త కారం తెప్పించి కుమ్మరించాను.

విద్యాధికారి గారు చెమటలు కక్కుతూ వచ్చారు. మర్యాద చేద్దామని నేను స్విచ్ దగ్గరికి పరిగెత్తాను. నాలుగో తరగతి కోటేశ్వరి అడ్డం వచ్చింది.

"సార్, ఫ్యాను వెయ్యబాకండి. కారం సార్."

పెద్దవాళ్లు వచ్చినప్పుడు మధ్యలో మాట్లాడకూడదని నీతి చెప్పి మరీ వేశాను.

గుంటూరు మొత్తం పైకి లేచింది. పత్తి వెళ్లి విద్యాధికారి గారి మీసాలకు అంటుకుంది. తుమ్ముకుంటూ, దగ్గుకుంటూ అందరం వరండాలోకి వచ్చి పడ్డాం. పిల్లలు, నేను, ఆయన వరసగా నిలబడి బొటబొటా కన్నీళ్లు కారుస్తున్నాం.

నా అర్జీ సంగతి ఊరందరికీ తెలుసు. ఈ ఏడుపులు చూసి నన్ను తీసుకుపోతున్నారనుకుని తల్లులంతా కన్నీళ్లతో పరిగెత్తుకొచ్చారు. కోటేశ్వరి తల్లి కళ్లు తుడుచుకుంటూ ఆయన్ని పట్టుకుంది.

"అయ్యా, పిల్లలు ఎట్టా ఏడస్తన్నారో చూడండి. మా సారును పంపీబాకండయ్యా."

అది కారమని చెబుదామంటే దగ్గు నా నోరు నొక్కేసింది. విద్యాధికారి గారు మీసాల మీది పత్తి దులుపుకుని నా వైపు తిరిగారు.

"మనమంటే కారానికి ఏడ్చాం మాస్టారూ. బయట నుంచి వచ్చిన వీళ్ల కళ్లలో కారం పడలేదుగా?"

తన ఫైల్లో ఉన్న నా అర్జీని తీసి నా చేతికే ఇచ్చేశారు. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఇకమీదట పంటలను చేలోనే ఉంచి భూగోళం చెబుతానని ఆ సాయంత్రం ఒంగోలు బస్సులో నిలబడి ప్రమాణం చేశాను. కూర్చుని చేద్దామంటే సీటు దొరకలేదు.