గట్టిగా చెప్పండి, సార్

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగేసరికి వాన. ఆర్మీ బస్సు పడమటి వైపు సాగింది. ఫర్ చెట్ల గుట్ట మీద మా సైనిక ఆసుపత్రి. నా వెంట రెండు డఫెల్ బ్యాగులు, తడిసిన బూట్లు. భుజం మీద అమెరికా సైన్యం లెఫ్టినెంట్ పట్టీ. నెల్లూరులో నర్సింగ్ చదివిన దానివి నీకు ఆ యూనిఫాం ఏమిటని మా వాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. అమెరికా వెళ్ళి, అక్కడ పౌరసత్వం వచ్చాక చేరాను, అంతే.

మొదట వేసింది సర్జరీ వార్డులో. నవంబరు. మధ్యాహ్నానికే దీపాలు పెట్టాల్సిన చలికాలం. నా బెడ్లలో ఒక ట్రక్కు డ్రైవర్ ఉండేవాడు. ఇరవై రెండేళ్ళ సైనికుడు. భుజానికి ఆపరేషన్ అయింది. నొప్పితో గిలగిలలాడుతూనే జోకులు వేసేవాడు.

ఆ మధ్యాహ్నం మేజర్ వచ్చాడు. ఆయన కూడా నర్సే, కానీ మత్తుమందు నర్సు. నర్సింగ్‌లో పై చదువు చదివి, ఆపరేషన్ బల్ల దగ్గర రోగికి మత్తిచ్చి ఊపిరి కాపాడే ఉద్యోగం. మా దగ్గర ఆ విభాగానికి ఆయనే పెద్ద. డ్రైవర్‌కు నొప్పి మందు తనే ఎక్కించాడు.

"మోతాదు ఎక్కువ కదా సార్? కనిపెట్టుకుని ఉండాలి," అన్నాను.

"నేను ఇక్కడే ఉంటాను. నువ్వు పక్క బెడ్ చూడు."

పక్క బెడ్‌లో కుట్లు తెగి రక్తం కారుతోంది. వెళ్ళాను. కట్టు బిగించి తెర తీసేసరికి మేజర్ లేడు. డ్రైవర్ పెదాలు నీలం. ఊపిరి లేదు.

బతికించాం. కానీ మెదడుకు గాలి అందని ఆ కాసేపు అతని మాటను, కుడిచేతిని తీసుకుపోయింది.

విచారణలో మేజర్ నా కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. "ఉంటానని నేను అనలేదు."

సాక్షి లేడు. మందలింపు నా సర్వీసు రికార్డులోకి ఎక్కింది. డ్రైవర్‌ను విమానంలో అమెరికా పంపేశారు.

ఆ ఆదివారం డార్మ్‌స్టాట్‌లో మా అక్క ఇంటికి వెళ్ళాను. అక్క అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"ఏందిమే ఆ మొహం? వేరే చోటికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోరాదా," అంది.

"ఐసీయూ అడిగాను."

"ఆ మేజర్ రోజూ వచ్చేది ఆడికే గదా?"

"అందుకే."

అక్క గరిటె కింద పెట్టింది. "పిల్లోడి ప్లేస్కూలు కిటా కోసం టెర్మిన్లు, అదే అపాయింట్‌మెంట్లు, మీటింగులు, నా తల నాకే తిరగతా ఉంది. నువ్వు ఇంకో యుద్ధం తెస్తా ఉండావా?"

తెస్తున్నాననే చెప్పాను. ఆయన మాట నిలబడింది, నా మాట పడిపోయింది. తేడా ఆయన చదువు, ఆయన హోదా. ఆ చదువు నాకూ కావాలి. మత్తుమందు నర్సింగ్ పీజీకి కనీసం ఏడాది ఐసీయూ అనుభవం ఉండాలి. ఎక్కడ చేయాలన్నది నా ఇష్టం. ఆయన కళ్ళెదుటే చేద్దామనుకున్నాను.

ఐసీయూలో వెంటిలేటర్లు నేర్చుకున్నాను. రక్తపోటు నిలబెట్టే మందుల డ్రిప్పులు నేర్చుకున్నాను. రైల్లో చదివాను, అక్క ఇంట్లో చదివాను. జ్ఞానం మీద ప్రేమతో కాదు, కసితో.

మేజర్ నోటిమాటగా ఏది చెప్పినా నేను కదిలేదాన్ని కాదు.

"గట్టిగా చెప్పండి, సార్. అందరికీ వినపడాలి."

మొదటిసారి నవ్వాడు. తర్వాత పళ్ళు నూరాడు. రోజూ అడిగాను. రోగి పేరు, మందు, మోతాదు, ఎవరు పక్కన ఉంటారు. చెప్పేదాకా వదిలేదాన్ని కాదు. వెంటిలేటర్లు చూసే సార్జెంట్ ఒకరోజు చెవిలో అన్నాడు, "లెఫ్టినెంట్, ఆయన నిన్ను తొక్కేస్తాడు."

"తొక్కనీ. గట్టిగా చెప్పి తొక్కమను."

ఏడాది దాటాక పీజీకి దరఖాస్తు పెట్టాను. స్థానిక మత్తు విభాగాధిపతి ఇంటర్వ్యూ తప్పనిసరి. అంటే మేజరే. మార్చి, కిటికీ బయట వడగళ్ళు. ఆయన గది తలుపు బార్లా వదిలేసి ఎదురుగా కూర్చున్నాను.

ఆయన పెన్ను తిప్పుతూ గొంతు తగ్గించాడు. "నీకు మంచి మార్కులు వేస్తాను. ఆ వార్డు సంగతి ఇక ఎత్తకు."

"ఏ సంగతి?"

"నీకు తెలుసు."

"గట్టిగా చెప్పండి, సార్."

మొహం ఎర్రబడింది. అరిచాడు. "ఉంటానన్నాను, ఫోన్ వస్తే వెళ్ళిపోయాను! అయితే ఏంటి? నీకు సీటు కావాలా, వద్దా?"

రిపేరుకు తెచ్చిన యంత్రం బండి మీద చెయ్యి వేసుకుని సార్జెంట్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేజర్ అతన్ని చూశాడు. పెన్ను కింద పడింది. నేను వంగి తీయలేదు.

సార్జెంట్ తను విన్నది విన్నట్టు చెప్పాడు. కేసు మళ్ళీ తెరిచారు. నా రికార్డులోంచి మందలింపు తీసేశారు. మేజర్‌ను రోగుల దగ్గరికి రానివ్వలేదు. వేసవిలో ఆయన చప్పుడు లేకుండా రిటైర్ అయ్యాడు. క్షమాపణ లేదు, శిక్షా లేదు. నాకది చాలలేదు. ఇప్పటికీ చాలదు. వేరే ఆసుపత్రి అధికారి నన్ను ఇంటర్వ్యూ చేశారు. సీటు వచ్చింది.

చదువు కోసం జర్మనీ నుంచి అమెరికాకు, టెక్సాస్‌కు వెళ్ళాను. చదువు మొదలయ్యే ముందు డ్రైవర్ వాళ్ళమ్మకు ఫోన్ చేశాను. రమ్మంది. ఆమెకు అంతా తెలుసు.

ఇప్పుడు సైన్యంలో లేను. రోజూ మనుషులకు మత్తిస్తాను, లేచేదాకా పక్కనుంచి కదలను. ఆ పని మధ్యలో కూడా కళ్ళ ముందుకు వచ్చేది ఆ రోజు డ్రైవర్ వాళ్ళ వంటింట్లో చూసిన వెలుగే. చొక్కా సగం తొడుక్కుని అతను బల్ల దగ్గర నిలబడ్డాడు. నేనెవరో గుర్తుపట్టలేదు. ఎడమ మణికట్టు నా వైపు చాచి, కుడిచేత్తో పెట్టుకోలేని బొత్తాం చూపించి, పెట్టమన్నట్టు నవ్వాడు.