గని దిబ్బ మీద పూసిన తంగేడు

1983 అక్టోబరు 12, బుధవారం సాయంత్రం. మహబూబాబాద్ తాలూకాలో, మూతపడిన ఒక చిన్న గని దగ్గర. హాజరైనవారు: భూసంరక్షణ అసిస్టెంటుగా నేను, వాచర్ కొమురయ్య, దిబ్బ కింద పొలం ఉన్న తండా రైతు సోమ్లా, ఊరి తరఫున నర్సవ్వ, ఆమె వెంట కొందరు ఆడవాళ్లు. ఆనాటి డైరీలో ఈ పేర్ల కింద ఒకే వాక్యం ఉంది: "ఎల్లుండి సద్దుల బతుకమ్మ. మబ్బు పోలేదు."

మా పని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. గనిలో రాయి అందాలంటే దాని మీదున్న మట్టినంతా తవ్వి పక్కన పోస్తారు. దాన్ని ఓవర్‌బర్డెన్ అంటాం. ఇక్కడ అది గుట్ట పక్కన ఇంకో గుట్టయింది. పట్టులేని మట్టి. గనివాళ్లు వెళ్లిపోయాక ఒక వానాకాలం అది జారి సోమ్లా వరిని ముంచేసింది. ఆ ఏడు ఇంటిల్లిపాదీ భూపాలపల్లి వైపు అడవి పనులకు కూలికి పోయారు.

తర్వాత ఆ దిబ్బను నిలబెట్టే పని నాకు వచ్చింది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో కాలువలు తవ్వించాం. వీటిని కాంటూర్ ట్రెంచులు అంటారు. వాన నీరు కిందికి దూకకుండా వీటిలో ఆగుతుంది. దిబ్బ మట్టిలో సత్తువ లేదు కనుక గుట్ట అవతలి నుంచి టాప్‌సాయిల్, అంటే పైపొర మట్టి, బండ్లతో తెచ్చి పరిపించాం. అందులో దాగున్న విత్తనంతోనే గునుగు లేచింది. ట్రెంచుల కట్టల మీద తంగేడు విత్తాం. దాని వేరు లోతుకు పోతుంది, మేక ముట్టదు. 1983లో దిబ్బంతా పసుపుపచ్చగా పూసింది. బతుకమ్మను పేర్చేది తంగేడు, గునుగు పూలతోనే; నాకు నిద్ర కరువైంది కూడా ఆ పూతతోనే.

"మేకలు తినయని తంగేడు పెట్టినం సారూ," అన్నాడు కొమురయ్య. "బతుకమ్మ ముచ్చట ఎవ్వలం యాది చెయ్యలే."

ఊరి ఆడవాళ్లంతా పూలకు దిబ్బ ఎక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. వారం రోజుల ముసురుకు ట్రెంచులు నిండి ఉన్నాయి. మట్టి నాని బరువెక్కింది. కింద సోమ్లా వరి పొట్ట మీద ఉంది. "ఈ ఒక్క ఏడు దిబ్బ ఎక్కకండి" అని నేను అడగగానే నర్సవ్వ లేచింది. ఊళ్లో బతుకమ్మ పాట ఆమె ఎత్తుకోనిదే మొదలుకాదు.

"గని రాకముందు ఈ గుట్టనే మా పూలగుట్ట బిడ్డా. గని దాన్ని మింగింది. అప్పటిసంది పరాయి ఊర్ల చెల్క చేన్లెంబడి తిరిగి, మాటలు పడి పూలు తెచ్చుకుంటున్నం. గిప్పుడు పువ్వు మల్ల మా గుట్టకొచ్చింది. రావద్దనెటందుకు నీకు నోరెట్లొచ్చింది?"

"అవ్వా, నీ పండుగ ఒక్క దినం," అన్నాడు సోమ్లా. "నా వరి ఏడాది బువ్వ."

"నీ పెండ్లాం రాదారా ఆడెటందుకు? పోయిన్యాడు అందరికంటె పెద్ద బతుకమ్మ ఆమెదే."

అందరూ నవ్వారు. సోమ్లా నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, ఎందుకంటే ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు.

"అవ్వా, జర నా ఎంబడి రా," అని ఆమెను దిబ్బ అంచుకు తీసుకుపోయాను. కింది నుంచి రెండో ట్రెంచు పైన వాలులో పగులు కనిపించింది. చేతికర్ర గుచ్చితే పిడిదాకా దిగింది. నర్సవ్వ ఆ కర్రనూ, కింది పొలాన్నీ చూసింది.

"ఎంతదాంక కాలు పెట్టొచ్చు?"

"మొదటి ట్రెంచు దాంక. ఆ పైన వద్దు."

"సరే. పువ్వు తక్కువైతదని తిడ్తరు. తిడితే నన్ను తిట్టనీ."

శుక్రవారం పొద్దున్నే గుంపులుగా వచ్చారు. మొదటి ట్రెంచు వెంట సున్నం గీత పోయించి, నేను పైన నిలబడ్డాను. కింది వరుస పూలు త్వరలోనే అయిపోయాయి. అప్పుడు కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు గీత దాటి, గుబురుగా పూసిన తంగేడు వైపు నాలుగడుగులు వేసింది. ఆమె కాళ్ల కింద గులకరాళ్లు జలజల రాలి పొలం గట్టున పడ్డాయి. సోమ్లా తల పట్టుకున్నాడు.

"ఓ పిల్లా!" నర్సవ్వ కేక వేసింది. "పువ్వుకు పోయి వాని బువ్వ మీద పడ్తవా? దిగు! మెల్లగ దిగు!"

ఆ పిల్ల దిగింది. తర్వాత ఎవరూ గీత దాటలేదు. ఆ ఏడు బతుకమ్మలు చిన్నవే అయ్యాయి. సాయంత్రం చెరువు దగ్గర ఆట ముగియకముందే వాన అందుకుంది. పెద్ద వాన.

ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఒకటి అర్థమైంది. చెడిపోయిన నేలకు మట్టి తేవచ్చు, విత్తనం తేవచ్చు. ఆ నేలతో పనిపడే మనుషులను మాత్రం దూరం పెట్టి దాన్ని కాపాడలేం. వాళ్లకు ఎక్కడిదాకా రావచ్చో చెప్పాలి, రావద్దని కాదు. ఇది నాకు ఆ మరునాడు తెలిసింది.

తెల్లారగానే నేనూ సోమ్లా దిబ్బ దగ్గరికి పరుగెత్తాం. పగులు దగ్గర మట్టి జారింది. జారి, రెండో ట్రెంచు కట్ట మీది తంగేడు మొదళ్ల దగ్గర కుప్పగా ఆగిపోయింది. ఎవరూ తొక్కకుండా, కోయకుండా వదిలిన వరుస అది. కింద వరి నిలబడే ఉంది. సోమ్లా గట్టు మీద కూలబడి, "ఆగింది సారూ, ఆగింది" అని అదే మాట అంటున్నాడు.

అప్పుడు వచ్చింది నర్సవ్వ, చంకలో చాటతో. చాట నిండా నల్లగా మెరిసే గునుగు గింజలు, దుమ్ముతో కలిసి. బతుకమ్మ పేర్చేటప్పుడు ఇళ్లలో రాలినవి.

"పొద్దుగాల ఇండ్లు ఊడిస్తే గివెల్లినయి. పారబొయ్యబుద్ధి కాలే. అందరిండ్లల్లయి ఎత్తుకొచ్చిన," అంది.

వాన కడిగేయగా మిగిలిన సున్నం గీతకు కిందివైపే ఆగి, చాటను పైనున్న నా వైపు చాపింది.

"పట్టు. పైకి నేను ఎక్కొద్దంటివి గద, నువ్వే చల్లు."