నాయన తొక్కని సైకిల్

చివరి నాలుగేళ్ళలో మా నాయన సైకిల్ తొక్కింది ఒక్కసారే. అయినా సైకిల్ లేకుండా ఒక్కరోజు కూడా గడప దాటలేదు. హ్యాండిల్ పట్టుకుని, ఒంటి బరువు సగం దాని మీద వేసి, పక్కనే నడిచేవాడు. బడిపిల్లల పలకలు చేసే మిషను దగ్గర ఏళ్ళ తరబడి రాయి కోస్తే, ఆ పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందని డాక్టరు చెప్పాడు. పది అడుగులకే ఆయాసం. చేతికర్ర పట్టుకోమంటే ససేమిరా అనేవాడు. కర్ర పట్టుకున్నవాణ్ణి జనం "ఒళ్ళెట్లుంది?" అని అడుగుతారు. సైకిల్ పట్టుకున్నవాణ్ణి "యాడికి పోతుండావు?" అని అడుగుతారు. ఆయనకు ఆ రెండో ప్రశ్న కావాలి.

రోజూ పొద్దున బజారులో టీకొట్టు దాకా పోయేవాడు. మిషను దగ్గర తనతో పనిచేసినవాళ్ళు ముగ్గురు అక్కడ కలిసేవారు. ఆ కొట్టు దాకా సొంతంగా పోయి రాగలిగినన్నాళ్ళూ తాను రోగిని కాదని ఆయన లెక్క. అమ్మ పోయాక కూతురినైన నా దగ్గరే ఉండేవాడు కాబట్టి ఈ సంగతి నాకు అందరికంటే బాగా తెలియాలి.

నాది మున్సిపల్ ఉద్యోగం. కొలతలు తీయడం, నక్షలు గీయడం. మా బజారు చాలా ఏళ్ళు వన్‌వేగా ఉండేది. గిద్దలూరు రోడ్డు నుంచి వచ్చినవాళ్ళు ఊరంతా చుట్టి రావాల్సి వచ్చేది. బేరాలు పోతున్నాయని దుకాణాలవాళ్ళు గోల పెట్టారు. సరే, మళ్ళీ రెండు వైపులా బండ్లు తిరిగేలా చేద్దామన్నారు. ఒక పక్కన మోటార్ సైకిళ్ళు ఏటవాలుగా నిలబెట్టుకోవడానికి తెల్ల గీతలు, రెండో పక్కన సైకిళ్ళకు పచ్చ రంగు దారి, దాన్నానుకుని ఫుట్‌పాత్. ఫుట్‌పాత్ మీదికి బండ్లు ఎక్కకుండా ఇనుప గుంజలు. నక్ష నాదే. ఆ నక్ష చూసుకుని నేను ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది.

గీసే ముందు కాగితాలు పట్టుకుని, రోడ్డు ఎట్లుంటే బాగుంటుందని అందరినీ అడిగాను కూడా. పూలమ్మే అక్కను, ఆటో తమ్ముళ్ళను, బట్టల కొట్టు పెద్దాయనను. పుల్లలచెరువు నుంచి చింతపండు తెచ్చి అమ్మే ఒక అవ్వ "బస్సు యాడ ఆగుతాదో అది చెప్పు బిడ్డా, రోడ్డు యాడికి పోతే నాకేంది" అంది. అదీ రాసుకున్నాను.

ఒక పొద్దున బజారు మొదట్లో నిలబడి, నడిచేవాళ్ళు ఎందరు, సైకిళ్ళు ఎన్ని, మోటార్ సైకిళ్ళు ఎన్ని అని లెక్క రాస్తున్నాను. పక్కన మా ఇంజనీరు గారున్నారు. నాయన సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. నా ఉద్యోగానికి అడ్డం రాకూడదనేమో, పలకరించకుండా, నడుము కాస్త నిటారు చేసుకుని దాటిపోయాడు. ఆయనను నడిచేవాళ్ళలో వేయాలా, సైకిళ్ళలో వేయాలా అని ఒక్క క్షణం ఆగాను. సైకిళ్ళ గడిలో ఒక గీత పెట్టాను. ఆ క్షణం ఇంకొంచెం సేపు ఆగి ఉంటే బాగుండేది.

రోడ్డు తయారైంది. పచ్చ దారి వెడల్పు మూడు అడుగులు. తొక్కేవాళ్ళకు అది చాలు. సైకిల్ పక్కన మనిషి నడవాలంటే చాలదు. సైకిల్ పచ్చ రంగు మీద ఉంటే నాయన భుజం బండ్లు పోయే దారిలోకి వచ్చేది. వెనక నుంచి బడిపిల్లలు బెల్లు కొట్టేవాళ్ళు. ఫుట్‌పాత్ ఎక్కుదామంటే గుంజల మధ్య హ్యాండిల్ పట్టదు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి. ఇంట్లో ఆయన "రోడ్డు బాగుందే" అన్నాడంతే.

మొదటి వారంలోనే ఒకరోజు గీతలు సరిగ్గా పడ్డాయో లేదో చూడ్డానికి బజారులో ఉన్నాను. ట్రాఫిక్ కానిస్టేబుల్ నాయనను ఆపడం కనిపించింది. ఆయన మా నాయన అని అతనికి తెలియదు. మర్యాదగానే మాట్లాడాడు.

"పెద్దాయనా, ఎక్కి తొక్కుకుంట పోండి. లేదంటే సైకిల్ ఆడ పెట్టి పైన నడవండి. ఇట్ల అడ్డం నడిస్తే ఏదో ఒకటి గుద్దుతాది."

నాయన తలెత్తాడు. రోడ్డుకు ఇవతల నేను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను రెండడుగులు వేసి "మా నాయన, ఆయాసం మనిషి" అంటే సరిపోయేది. అనలేదు. అందరి ముందు ఆయనను రోగిని చేయకూడదని ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా రోడ్డులో తప్పు మా ఇంటి మనిషి వల్లే బయటపడిందని ఒప్పుకోలేకపోయాను.

ఆయన కాలెత్తి సైకిల్ ఎక్కాడు. తొక్కాడు. ఇన్నేళ్ళ తర్వాత! వీపు నిటారుగా, పచ్చ దారి మధ్యలో, వంకర లేకుండా పోతుంటే నా ఒళ్ళు పులకరించింది. టీకొట్టు భాయ్ బయటికొచ్చి "ఏంది మామా, పందేనికి పోతుండావా!" అని కేకేశాడు. నేను నవ్వాను కూడా.

పది కొట్లు దాటాక కాలు కింద పెట్టి ఇనుప గుంజను కావలించుకున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి పెదాలు నల్లబడ్డాయి. భాయ్ స్టూలు తెచ్చాడు. కానిస్టేబులే ఆటో పిలిచాడు, పాపం. ఆసుపత్రిలో రెండు వారాలున్నాక ఇంటికి తెచ్చాం. నాయన మళ్ళీ బజారు చూడలేదు. స్నేహితులు ఆదివారాలు చర్చి నుంచి ఇటే వచ్చి కూర్చునేవాళ్ళు. తనను చూడ్డానికి వస్తున్నారని గ్రహించాక ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా వాళ్ళూ తగ్గిపోయారు.

పోవడానికి పది రోజుల ముందు, సాయంత్రం గంజి తాగిస్తున్నాను. తనంతట తానే అడిగాడు.

"ఆ పచ్చ దారి ఎంత పెట్టినావు పాపా?"

"మూడడుగులు నాయనా."

"ఇంకో జానెడు పెట్టుంటే పోతుంటి."

జానెడే. ఎదుటి పక్క మోటార్ సైకిళ్ళ తెల్ల గీతల్ని ఇంకొంచెం వాలుగా గీసి ఉంటే వచ్చేది. నాకు కోపం వచ్చింది, ఆయన మీదే.

"మరి ముందే చెప్పొచ్చు గదా! ఊళ్ళో అందరూ చెప్పిరి."

గంజి గిన్నె పక్కకు జరిపి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"కాగితాలు పట్టుకోని అందర్నీ అడుగుతుంటివి గదా. మనింటికి గూడా వస్తావనుకున్నా. రెండు దినాలు బజారుకు పోకుండా ఇంట్లోనే కూసుంటిని."

ఆ రెండు రోజులూ బజారుకు ఎందుకు పోలేదని నేను ఆయనను అడగను కూడా లేదు.